రంగులరాట్నం, పాముచెవులు

ఆ ఉదయం బొమ్మల కొట్టు యజమాని చేతిలో ఉన్నవి మూడు: కిటికీ అద్దం వెనక కొత్త రంగులరాట్నం, దాన్ని తిప్పే చిన్న మోటారు, తనవి పాముచెవులన్న పేరు. ఎదురుగా తోడల్లుడు తెరిచిన కొత్త బొమ్మల కొట్టు పిల్లలందరినీ లాగేసుకుంది. ఈ రాట్నం వాళ్లను వెనక్కి తేవాలి. తేకపోతే కొట్టుకు తాళమే.

రాట్నం వేగాన్ని అదుపు చేసే పెట్టెను అల్లుడు తయారుచేశాడు.

"మామయ్యా, ఇది మోటారుకి కరెంటుని ముక్కలు ముక్కలుగా కోసి ఇస్తుంది. సెకనుకి ఎన్ని ముక్కలో ఈ నాబ్ చెప్తుంది. తక్కువైతే మోటారు గుయ్యిమంటుంది. ఎక్కువైతే పెట్టె వేడెక్కుతుంది. సాయంత్రం వేడి లాగే అల్యూమినియం పలక తెచ్చి బిగిస్తా. అప్పటిదాకా మోత భరించండి, నాబ్ మాత్రం ముట్టుకోకండి."

అల్లుడు వీధి మలుపు తిరగ్గానే ఆయన నాబ్ ముట్టుకున్నాడు. కందిరీగల మోత మధ్య బేరం ఎలా సాగుతుంది? తిప్పేకొద్దీ మోత సన్నబడి, చివరికి మాయమైంది. పెట్టె గోరువెచ్చగా ఉంది, అంతే. 'దీనికో పలక కూడానా! చదువుకున్నవాళ్లకి అన్నిటికీ ఆర్భాటమే' అనుకున్నాడు.

మొదటి పిల్ల పరుగెత్తుకొచ్చి, అద్దానికి ముక్కు ఆనించి, వెంటనే చెవులు మూసుకుంది. "అమ్మా, కీచుమంటోంది!"

"అవునండీ, చెవిలో సూది గుచ్చినట్టుంది" అంది తల్లి.

"ఏం కీచమ్మా? సూది కిందపడ్డా వినే చెవులివి!"

తల్లీపిల్లా ఎదుటి కొట్టుకు వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన పిల్లలదీ అదే తంతు. ఆయనకు ఒళ్లు మండి వీధి దాటాడు.

"చాక్లెట్లిచ్చి, నా కొట్టు ముందు చెవులు మూసుకోమని నేర్పుతున్నావా? సిగ్గులేదూ!"

"నాకేం పనిలేదా అన్నయ్యా? పద, నేనూ వింటా" అన్నాడు తోడల్లుడు. వచ్చి రాట్నం ముందు చెవి పెట్టాడు. "చడీచప్పుడూ లేదే! ఈ కాలం పిల్లలు నోరు తెరిస్తే అబద్ధం."

ఆ మాట తల్లుల చెవిన పడింది. "మా పిల్లలు అబద్ధాలకోర్లా?" అంటూ వాళ్లు విసవిసా నడిచిపోయారు. రెండు కొట్లూ ఖాళీ.

సాయంత్రం అల్లుడు చెవులు మూసుకునే లోపలికొచ్చాడు. "ఎవరు తిప్పారిది? సెకనుకి పన్నెండు వేల ముక్కల దగ్గరుంది!"

"శబ్దం లేదుగా!"

"ఉంది మామయ్యా. వయసు మీద పడ్డ చెవికి అంత సన్నని కూత అందదు. ఇరవై వేలు దాటితే గానీ పిల్లలకి వినపడకుండా పోదు."

"వయసా? నాకా? ఎదుటి కొట్లో మీ చిన్నమామయ్యకి మీద పడిందంటే ఒప్పుకుంటా!"

అల్లుడు పలక బిగించి, నాబ్‌ను ఇరవై రెండు వేలకు తిప్పాడు. మర్నాడు పిల్లలు అద్దానికి అతుక్కుపోయారు. తోడల్లుడికి పంతం పెరిగింది. షేక్‌హ్యాండ్ ఇచ్చే కుక్కను తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టాడు. అది రాట్నం వైపు మోర ఎత్తి ఏడుపు లంకించుకుంది. పిల్లలు ఆ గడప తొక్కితే ఒట్టు.

తోడల్లుడు ఊగిపోతూ వచ్చాడు. "ఏం శబ్దం పెట్టావ్ అన్నయ్యా?"

"శబ్దమా? ఏమర్రా, మీకేమైనా వినపడుతోందా?"

"లేదు తాతా!" అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

లెక్క తేలింది. పిల్లలు తిరిగొచ్చారు, కొట్టు నిలిచింది. పోయింది పాముచెవుల పేరొక్కటే. అది కుక్కకు దక్కింది.