తిరుగుదారికి మార్కుల్లేవు

మధ్యాహ్నం మూడు గంటలు. మాఘమాసపు ఎండ, గాలి లేదు. ఒక పెద్ద అడవిలో, మద్దిచెట్టు కింద, పాలకవర్గం కూర్చుంది.

ఆ అడవి తూర్పు అంచు సముద్రం దాకా పోతుంది. అక్కడంతా ఈతచెట్లు. మనుషులు వాటికి కుండలు కట్టి, కొన్ని దించుకుంటారు, కొన్ని మరిచిపోతారు. ఆ మరిచిపోయిన కుండల కోసం పాలకవర్గం ఏటా రెండు రోజులు తీరానికి పోతుంది. దాన్ని అధ్యయన యాత్ర అంటారు. ఏం అధ్యయనం చేస్తారని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు అడవిలో మూడు చెలమలు ఎండిపోయాయి. నీళ్ళున్నది ఒక్కదాంట్లోనే. ఆ సంగతి ఎజెండాలో లేదు. ఎజెండాలో ఉన్నది ఒకటే అంశం. తీరంలో ఎక్కడ దిగాలి.

అధ్యక్షుడు ఎలుగుబంటి. ఏ కాగితం పెట్టినా పంజా వేస్తాడు. కార్యదర్శి పునుగుపిల్లి. ఆ కాగితాలు పెట్టేది అతనే. నిబంధనలు చూసేది ఉడుము. ఒక నియమం పట్టుకున్నాడంటే ఇక వదలడు. సాంస్కృతిక విభాగం నెమలిది. తల్లుల కోటాలో ఒక అడవిపంది ఉంది, బూదమ్మ. నలుగురు పిల్లలు. ఆమెను మాట్లాడమని ఎవరూ అనరు. పని లేనిదే ఆమే మాట్లాడదు.

"మూడు చోట్లు చూశాం అధ్యక్షా," అన్నాడు పునుగు. "పరిశీలన సంఘం అంటే నేనూ, నెమలిగారూ. మూడు చోట్లా కల్లు రుచి చూశాం. మూడోచోట కాస్త ఎక్కువసేపు చూశాం."

"చెప్పు."

"మొదటిది కొండమీద జీడిమామిడి తోట. ముసలి ముళ్ళపంది నడుపుతున్నాడు. శుభ్రంగా ఉంది. కానీ కుండల దగ్గర్నుంచి అరకోసు ఎక్కాలి."

"తాగి ఎక్కడమా," అన్నాడు ఎలుగు. "కొట్టెయ్."

"రెండోది గట్టుమీద సరుగుడు తోపు. నీడ ఉంది, దారి ఉంది. సముద్రం మాత్రం కనపడదు."

నెమలి మెడ తిప్పాడు. "నేను పురి విప్పితే వెనకాల సముద్రం ఉండాలి. సరుగుడు ముందు విప్పితే చీపుళ్ళ కొట్టులా ఉంటుంది."

"మూడోది ఈతతిన్నె. మన ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నె ఉంది కదా, దానిమీద. చుట్టూ నీళ్ళు, మధ్యలో పన్నెండు ఈతచెట్లు. పడుకున్నచోటి నుంచి చెయ్యి చాపితే కుండ."

"ఎవరిదోయ్ అది?"

"మా బావమరిదిదే అధ్యక్షా. అందుకే నేను మార్కులు వెయ్యలేదు. నెమలిగారు వేశారు. నేను గడులు గీశానంతే."

ఉడుము గొంతు సవరించుకుని చదివాడు. "ఈతతిన్నె. కల్లుకు నలభైకి నలభై. దృశ్యానికి ముప్పైకి ముప్పై. ఇసుక మెత్తదనానికి ఇరవైకి ఇరవై. ఇతరములు, పదికి పది."

"నీళ్ళు ఎంతదాకా వస్తాయి?" అంది బూదమ్మ.

అందరూ అటు తిరిగారు.

"ఏ నీళ్ళు?" అన్నాడు పునుగు.

"సముద్రం."

"మేం పోయినప్పుడు అది ఎక్కడో దూరంగా ఉంది బూదమ్మక్కా. పాలకవర్గం వస్తోందని తెలిసి వెనక్కి తగ్గినట్టుంది."

ఎలుగు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు.

"ఏ వేళప్పుడు పోయారు?"

"మూడింటికి. పరిశీలన ఎప్పుడూ భోజనం అయ్యాకే. అది మన ఆనవాయితీ. నాలుగింటికల్లా తిరిగొచ్చేస్తాం."

"ఇంకో గడి గీయండి. తిరుగుదారి అని."

ఉడుముకు కోపం వచ్చింది. "ఈ నమూనా మా తాతల నాటిదమ్మా. గడులు నాలుగే. అయిదోది కావాలంటే ఉపసంఘం వెయ్యాలి. దారి, నీళ్ళు, ప్రాణాలు, ఇలాంటివన్నీ ఇతరములలోకే వస్తాయి."

"అందులో ఏం రాశారు?"

ఉడుము కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "'బాగుంది' అని రాశారు."

"మేం రాం," అంది బూదమ్మ.

"రాకపోతే మీ ఇష్టం. ఏడో నియమం వినండి. యాత్రలో రెండు రోజులూ కుటుంబంతో సహా ఉండని సభ్యులకు ఎండాకాలంలో చెలమ వంతు ఉండదు."

"పిల్లలు కూడానా?"

"కుటుంబమంటే పిల్లలు కాదా అక్కా," అన్నాడు పునుగు, నవ్వుతూ.

బూదమ్మ పిల్లల వంక చూసింది. అప్పటికే వాళ్ళ నాలుకలు బయట ఉన్నాయి. ఇది ఇంకా మాఘమాసమే.

"వస్తాం," అంది.

యాత్ర పౌర్ణమినాడు పెట్టారు. వెన్నెల్లో దృశ్యం బాగుంటుందని.

మళ్ళీ మూడింటికే చేరారు. సముద్రం నిజంగానే దూరంగా ఉంది. ఏరు దాటుతుంటే నీళ్ళు పందిపిల్లల మోకాళ్ళకు కూడా రాలేదు.

"చూశావా అక్కా," అన్నాడు పునుగు. "దీనికా అంత రాద్ధాంతం."

బావమరిది తిన్నె అంచున ఎదురొచ్చి అందరికీ వంగి దండాలు పెట్టాడు. అక్కడ ఇసుకలో పెద్ద గడి గీసి ఉంది. వచ్చిన అతిథులు మెచ్చుకుంటూ అందులో పంజా ముద్ర వేయాలట. ఎలుగు ముందు వేశాడు.

"నిన్నటివాళ్ళ ముద్రలేవి?" అంది బూదమ్మ.

"పాతవి ఉంచమమ్మా. రోజూ శుభ్రమైపోతుంది."

"ఎవరు చేస్తారు?"

"అదే అవుతుంది," అని బావమరిది కుండలు చూపించడానికి పోయాడు.

ఈతచెట్ల మట్టల సందుల్లో గవ్వలు ఇరుక్కుని ఉన్నాయి. ఎలుగు నిలబడితే ఛాతీ వచ్చేంత ఎత్తున. నాచు కూడా ఉంది, ఎండిపోయి.

"ఇవేంటి?" అంది బూదమ్మ.

"అలంకారం," అన్నాడు నెమలి. "ఎంత సహజంగా పెట్టారో చూడు. దీనికి నేను వేరే మార్కులు వేయాల్సింది."

అందరూ కుండల కింద చేరారు. బూదమ్మ కూర్చోలేదు. ఏటి అంచుకు పోయి, నీళ్ళు తగిలేచోట ఒక పుల్ల గుచ్చి, పిల్లల్ని పక్కన నిలబెట్టుకుంది. కాసేపటికి పుల్ల సగం మునిగింది. ఇంకో పుల్ల వెనక్కి గుచ్చింది. అదీ మునిగింది. మూడోది గుచ్చలేదు.

సూర్యుడు కొండ మీదికి వాలుతుండగా వెళ్ళి చెప్పింది. "నీళ్ళు లేస్తున్నాయి. పోదాం పదండి."

ఎలుగు నాలుగో కుండలో మూతి పెట్టి ఉన్నాడు. ఏదో అన్నాడు. కుండకు మాత్రమే వినపడింది.

"యాత్ర రెండు రోజులని తీర్మానం," అన్నాడు ఉడుము. "ఇంకా ఒక పూట కూడా కాలేదు. మధ్యలో ముగించాలంటే కోరం ఉండాలి. అధ్యక్షుడు తలెత్తాలి."

"నీకు అలలంటే భయం అక్కా. అంతే," అన్నాడు పునుగు. "పో. కానీ చెలమ సంగతి గుర్తుంచుకో."

"మీరే ఉంచుకోండి," అంది బూదమ్మ.

ఏరు ఇప్పుడు ఏరులా లేదు. ఉప్పునీళ్ళు ఎదురు తిరిగి పైకి తోస్తున్నాయి. బూదమ్మ పిల్లలతో దిగింది. పిల్లల్లో ఒకడు ఆమె తోక పట్టుకున్నాడు, వాడి తోక ఇంకొకడు, అలా నలుగురూ. నడిమధ్యలో కాళ్ళు అందలేదు. చివర ఉన్న చిన్నది జారింది.

బూదమ్మ వెనక్కి తిరిగింది. తల ఎక్కడా కనపడలేదు. ఒక చెవి కనపడింది. దాన్నే పళ్ళతో పట్టుకుంది.

గట్టెక్కాక చెవి వదలడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. చిన్నది ఏడుస్తూనే ఉంది. ఏడవనీ అనుకుంది.

అప్పుడు తిన్నె మీద కేకలు మొదలయ్యాయి. కుండలు తేలుతున్నాయి. నెమలి రెక్కలు కొట్టుకుంటూ, తోక నీళ్ళలో ఈడ్చుకుంటూ, ఎలాగో వచ్చి గట్టుమీద పడ్డాడు. మిగతావాళ్ళు చెట్లెక్కారు.

బూదమ్మ పిల్లల్ని వదిలి కదల్లేదు. ఉన్నచోటే నిలబడి గట్టిగా గుర్రుమంది. "ఈ గొంతు వినపడే వైపు రండి. ఇక్కడ లోతు తక్కువ."

అరుస్తూనే ఉంది. గొంతు పోయేదాకా అరిచింది. చివరికి ఎలుగు ఈదుకుంటూ వచ్చాడు. నెత్తిమీద పునుగు. వీపుమీద ఉడుము, పట్టు వదలకుండా.

"మా బావమరిది," అన్నాడు పునుగు. "మా బావమరిది కొట్టుకుపోయాడు."

"ఇక్కడే ఉన్నాను బావా," అన్నాడు బావమరిది. పొడిగా ఉన్నాడు. సరుగుడు తోపులోంచి వస్తున్నాడు. "పున్నమికి అయిదు దాటాక నేను తిన్నె మీద ఉండను. మీకు చెప్పలేదా?"

"నువ్వు చెప్పలేదు."

"ఎవరూ అడగలేదు బావా."

ఎలుగు ఒళ్ళు విదిలించుకున్నాడు. మత్తు సగం దిగింది. "కోరం ఉంది కదా. ఇక్కడే సమావేశం పెట్టండి."

నీళ్ళోడుతూనే పెట్టారు. సముద్రం హద్దు మీరినందుకు ఖండన తీర్మానం. పరిశీలన సంఘానికి అభినందన. తిరుగుదారి గడి సంగతి తేల్చడానికి ఉపసంఘం, అందులో నెమలి ఒక్కడే. తర్వాత పునుగు లేచాడు.

"అధ్యక్షా, బూదమ్మ తీర్మానం లేకుండా యాత్ర వదిలిపోయింది. ఏడో నియమం ప్రకారం ఆమె చెలమ వంతు రద్దు చేసి, పాలకవర్గానికి పంచాలి."

అంటే ఆ రెండు రోజులకు అసలు ఎజెండా ఇదేనన్నమాట.

"నియమం నియమమే," అన్నాడు ఉడుము. చదివాడు. ఆగాడు. మళ్ళీ చదివాడు. "రెండు రోజులూ ఉండని సభ్యులకు వంతు ఉండదు."

"అదే కదా నేనూ చెప్తున్నది."

"రెండు రోజులు ఎవరున్నారు?"

ఉడుము వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపించాడు.

"నువ్వు లేవు. నేను లేను. అధ్యక్షులూ లేరు. అయిదుగురికీ వంతు రద్దు."

"ఒరేయ్, నీది కూడా పోతుందిరా," అన్నాడు ఎలుగు.

"పోనివ్వండి," అన్నాడు ఉడుము. పట్టు మాత్రం సడల్లేదు. "నియమం చదివాక వదలడం నాకు రాదు."

పునుగు ఏడో నియమం సవరించాలన్నాడు. సవరణకు నెల గడువు కావాలని ఎనిమిదో నియమం. ఆ నెల దాటేసరికి ఎండాకాలం. వాళ్ళు దాని మీద వాదించుకుంటుండగా బూదమ్మ పిల్లల్ని లేపి దారి పట్టింది. వంతు పోతే పోయింది. ముట్టె ఉంది, తవ్వుకుంటుంది.

వెనకాల పాలకవర్గం కూడా నడిచింది. ఆ మత్తులో దారి గుర్తున్నది ఆమె ఒక్కదానికే కాబట్టి.

ఇందులో నీతి: విడిది ఎంచుకునేటప్పుడు కల్లుకూ దృశ్యానికీ మాత్రమే మార్కులు వేయాలి, తిరిగొచ్చినవాళ్ళను లెక్కపెట్టడానికి ఎవరో ఒక తల్లి ఎలాగూ ఉంటుంది.

పొద దగ్గరికి చేరాక బూదమ్మ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చిన్నదాని చెవి నాకి, మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగు. పడుకోబెట్టాక ఇంకోసారి.

ఎలుగు, ఉడుము, నెమలి, పునుగు. పాలకవర్గం కూడా క్షేమంగానే చేరింది. ఆ లెక్క ఆమె ఒక్కసారే వేసింది.