పద్నాలుగో నంబరు గదిలో గాలి

వ్యోమనౌక గదిలో గాలి అత్యుత్తమంగా ఉందని ప్రకటించడానికి బ్రెమెన్‌లోని ఆ ప్రయోగశాల ఎంతో ఆనందిస్తోంది. నమూనా గదిలో నలుగురిని ఎనిమిది రోజులు కూర్చోబెట్టి మరీ కొలిచారు. కొలిచింది వీబ్కె హార్మ్స్ ఏడేళ్ళు కష్టపడి తయారుచేసిన అగ్గిపెట్టెంత పరికరం.

పరికరంలో ఏ లోపమూ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. గాలిని శుభ్రపరిచే యంత్రం సరిగా పనిచేయడం లేదనీ, బొగ్గుపులుసు వాయువు పెరిగిపోతోందనీ అది మొదటిరోజే కూత పెట్టింది.

లోపలున్నవారిలో యెల్టె పొప్పింగా అనే అతను వచ్చే ఏడాది ఆ యంత్రాన్నే నమ్ముకుని నిజంగా ఆకాశానికి వెళ్ళవలసినవాడు. "వీబ్కె, నీ అగ్గిపెట్టె మొత్తుకుంటోంది. నా తలకాయ నొప్పితో దానికి తాళం వేస్తోంది," అన్నాడు ఫోనులో.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి భవన సంరక్షకులు ల్యూడెకింగ్ గారు గడియారం చూసుకుని, ఆ గది తలుపు బార్లా తెరిచి నిలబడ్డారు. మనుషులున్న ప్రతి గదికీ రెండు గంటలకోసారి, అయిదు నిమిషాలు బయటిగాలి పెట్టాలి. జనవరి అయినా సరే. ఆ దేశంలో దేవుణ్ణి నమ్మనివాళ్ళున్నారు గానీ, కిటికీ తెరవడాన్ని నమ్మనివాళ్ళు లేరు.

"అయ్యో, అది వ్యోమనౌకండీ! మూసే ఉంచాలి!"

"నా పట్టీలో పద్నాలుగో నంబరు గదమ్మా. లోపల మనుషులున్నారా, లేరా?"

"మరి ఆకాశంలో తలుపెవరు తీస్తారు?"

"అక్కడి సంరక్షకుణ్ణి అడగండి. నా భవనంలో మాత్రం ముక్కిన వాసన కుదరదు."

వాయువు తగ్గింది. పరికరం నోరు మూసుకుంది. ఎనిమిది రోజుల్లో తొంభై ఆరుసార్లు ఇదే జరిగింది.

యంత్రాన్ని ఆమోదించవలసిన సంఘం సమావేశమైంది. "సగటు అద్భుతం! యంత్రం పనితనం మన జాతి క్రమశిక్షణకు నిదర్శనం!" అన్నారు అధ్యక్షులు ఓస్టర్‌మన్ గారు.

"ఆ గొప్ప తలుపుదండీ, యంత్రానిది కాదు," అంది వీబ్కె.

"అంటే, గదికి గాలి పెట్టడం తప్పంటారా, హార్మ్స్ గారూ?"

తొమ్మిది ముఖాలు ఆమెవైపు తిరిగాయి. ఆ గడ్డమీద పుట్టిన మనిషి ఆ మాట ఎలా అనగలదు?

"తప్పని కాదు..." అంది.

'అభ్యంతరం ఉపసంహరించుకోబడినది' అని రాసుకున్నారు. సంతకాల కాగితం చేతులు మారుతూ ఆమెదాకా వచ్చింది.

సాయంత్రం నడవాలో యెల్టె ఎదురుపడ్డాడు. "యంత్రం పాసయిందటగా! నువ్వూ సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"హమ్మయ్య! అయితే నాకింకేం భయం?" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అతను అమాయకుడని నవ్వుకోవచ్చు. తెలిసినవాళ్ళ సంతకం కనబడ్డాక పైనేముందో చదివే అలవాటు మనకు ఉంటే.