ముళ్లకాయ పెట్టిన కుర్చీ

ఆ శనివారం ఉదయం హిలరీ టాప్సెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త క్లైవ్ చేత కారు నడిపించుకుని మార్ల్‌హర్స్ట్ భవనానికి వెళ్లడం, రోజంతా ఏ తప్పూ చేయకుండా నిలబడడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. కెంట్ ప్రాంతంలో ఆమె చూడని కోట లేదు, తిరగని తోట లేదు. చూసి చూసి, ఇక చూడవచ్చినవాళ్లను ఆపే తాడుకు అవతలి వైపు నిలబడాలన్న కోరిక పుట్టింది. గదికొకరు చొప్పున నిలబడి వచ్చినవాళ్లకు నాలుగు మాటలు చెప్పే ఆ పనికి జీతం లేదు. అందుకే దానికి అంత పోటీ. ఎవరో ఒకరు కాలం చేస్తే తప్ప ఖాళీ రాదు. ఈవేళ ఒక్కరోజు పరీక్షించి చూస్తామని భవనం వాళ్లు కబురు పెట్టారు.

"నువ్వు టీ గదిలో కూర్చో. ఏదీ ముట్టుకోకు," అంది హిలరీ కారులో.

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

"పసిపిల్లలైతే చెప్పిన మాట వింటారు."

ఆమెకు పొడవాటి హాలు అప్పగించారు. ఆ హాలు గాదర్‌కోల్ అనే పెద్దావిడ సామ్రాజ్యం. ఆవిడ అందులో నిలబడినంత కాలం దాన్ని కట్టించుకున్న ప్రభువులు కూడా నిలబడి ఉండరు. హిలరీకి అరవై దాటినా ఆవిడ కంటికి చిన్నపిల్లే.

"చూడమ్మాయ్, అడిగితే చెప్పు. అడగకపోతే నవ్వు. ఎవరైనా దేన్నైనా ముట్టుకుంటే దగ్గు. అంతకు మించి విద్య లేదు," అని చెప్పి, ఆవిడ టీ తాగడానికి వెళ్లింది.

హాలు నిండా పాత కుర్చీలు. ప్రతి పట్టు కుర్చీ మీదా ఒక ఎండిన ముళ్లకాయ పెట్టి ఉంటుంది. కూర్చోవద్దని పలక మీద రాసి పెట్టడం మొరటుతనం అక్కడ. ముళ్లకాయను చూస్తే వచ్చినవాళ్లే అర్థం చేసుకుంటారు. ముళ్లకాయ లేనిది కిటికీ పక్కనున్న మామూలు చెక్క కుర్చీ ఒక్కటే. అది గాదర్‌కోల్ గారిది.

టీ గదిలో ఉండమన్న క్లైవ్ మోకాలు పట్టుకుని కుంటుతూ హాల్లోకి వచ్చాడు. తోటంతా తిరిగినట్టున్నాడు. ఒక పట్టు కుర్చీ మీది ముళ్లకాయ తీసి, పక్కనున్న చెక్క కుర్చీ మీద పెట్టి, హాయిగా కూలబడ్డాడు.

హిలరీ దగ్గింది.

"జలుబు చేసిందా?" అన్నాడు క్లైవ్.

"లే! అది మూడొందల ఏళ్ల కుర్చీ!"

"అన్నేళ్లుగా ఎవరో ఒకరు కూర్చునే ఉంటారుగా. అది అలవాటుపడ్డ కుర్చీయే."

ఆమె అతణ్ణి రెక్క పట్టి లేపి బయటికి తోసింది. అంతలో ఇద్దరు వచ్చి మరుగుదొడ్డి ఎటు అని అడిగారు. ఆ దారి చెప్పే హడావిడిలో ముళ్లకాయ సంగతి మరిచిపోయింది.

గాదర్‌కోల్ గారు తిరిగొచ్చి తన కుర్చీని చూసింది. దాని మీద ముళ్లకాయ. మార్ల్‌హర్స్ట్‌లో ఎవరినీ నోటితో పొమ్మనరు. కిందటేడు ముసలి తోటమాలిని మాన్పించాలనుకున్నప్పుడు పోయినవాళ్ల గుర్తుగా వేసినట్టు ఆయన పేరు చెక్కించి తోటలో ఒక బల్ల వేశారు. మిగతాది ఆయనే అర్థం చేసుకున్నాడు.

"ఓహో," అంది ఆవిడ. "చాలా మర్యాదగా తెలియజేశారు."

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదమ్మాయ్. ఎండ బాగుంది. వెళ్లొస్తాను."

పరీక్షలో ఇదొక భాగం కాబోలనుకుని హిలరీ ఇంకాస్త నిటారుగా నిలబడింది.

టీ గదిలో స్కోన్లనే చిన్న రొట్టెలు చేసేది గాదర్‌కోల్ గారి చెల్లెలు బెరిల్. అక్క చెప్పింది విని, పొయ్యి ఆర్పేసి ఆప్రాన్ విప్పింది. బెరిల్ భర్త డెస్మండ్ కార్లు నిలిపించేవాడు. ఆయన పచ్చ కోటు పొదకు తగిలించి తన కారెక్కాడు. ఆ తరువాత పడకగది ఆవిడ, గ్రంథాలయం ఆయన, వంటింటి ఆవిడ ఒక్కొక్కరే ఎండ బాగుందని చెప్పి వెళ్లిపోయారు. ఎవరూ ఎవరినీ కారణం అడగలేదు. అడగడం ఏం బాగుంటుంది?

మేనేజరు జస్టిన్ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. "టాప్సెల్ గారూ, గాదర్‌కోల్ గారిని భవనం కమిటీ వాళ్లు తీసేశారట! అధ్యక్షురాలికి ఫోన్ చేశాను."

"ఏమన్నారు?"

"తీసేసే భారం నా మీద పడ్డందుకు క్షమాపణ చెప్పారు. ఆ భారం ఆవిడ మీద పడ్డందుకు నేనూ చెప్పాను. ఇద్దరం ఫోన్ పెట్టేశాం."

అప్పుడే రెండు బస్సులు వచ్చాయి. దారి చూపే డెస్మండ్ లేక ఒకటి గులాబీల్లోకి, ఇంకొకటి గేటుకు అడ్డంగా వెళ్లాయి. దిగినవాళ్లు అలవాటు కొద్దీ ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఆ వరస ఎక్కడికో ఎవరికీ తెలియదు, అయినా పొడుగవుతూనే ఉంది. హిలరీ దాని తల పట్టుకుని హాల్లోంచి పడకగదికి, అక్కడి నుంచి వంటింటికి, అట్నుంచి టీ గదికి నడిపించింది. అక్కడ బెరిల్ విప్పేసిన ఆప్రాన్ కట్టుకుని క్లైవ్ టీ పోస్తున్నాడు.

"స్కోన్లు లేవు. టీ కూడా నేను పెట్టిందే, ముందే క్షమించండి," అంటున్నాడు ప్రతి ఒక్కరితో.

రద్దీ తగ్గాక కాసేపు కూర్చుందామని హిలరీ చెక్క కుర్చీ దగ్గరికి వెళ్లింది. ముళ్లకాయ కనిపించింది. క్లైవ్ పెట్టినదాన్ని తను తీయనే లేదని, గాదర్‌కోల్ గారు ఎందుకు వెళ్లారో అప్పుడు అర్థమైంది. నిజం చెబితే ఏళ్ల తరబడి కన్న కల ఈ పూటతో సరి. చెప్పకపోతే ఆ పెద్దావిడ ఉసురు తగులుతుంది. కాసేపు కిటికీలోంచి గులాబీల్లో ఇరుక్కున్న బస్సును చూసింది. తరువాత ముళ్లకాయ చేతిలో పట్టుకుని బయటికి నడిచింది.

గాదర్‌కోల్ గారు ఇంకా వెళ్లనే లేదు. అందరికీ వీడ్కోలు చెప్పి గేటు చేరేసరికి బస్సు అడ్డంగా నిలిచిపోవడంతో, ఆవిడ ఎక్కిన డెస్మండ్ కారు కదలలేదు. దారి చూపవలసిన డెస్మండ్ స్టీరింగు ముందు బిగుసుకుని కూర్చున్నాడు. ఆవిడ మాత్రం దిగి, పచ్చిక మీద చెప్పులు విప్పుకుని కూర్చుంది. హిలరీ జరిగినదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అయితే కమిటీ వాళ్లు కాదా? మీ ఆయనా?"

"నన్ను క్షమించండి. ఇప్పుడే వెళ్లి అందరికీ చెప్పేస్తాను."

"నోరు ముయ్యి!" అంది గాదర్‌కోల్ గారు. అంతటి మాట ఆవిడ నోట ఎవరూ విని ఉండరు. "నా కాళ్లు పోయి ఎన్నేళ్లయిందో నీకు తెలుసా? మానేస్తానంటే అందరూ అయ్యో అంటారు. కేకు చేసి తెస్తారు. మీరు లేకపోతే ఎలాగంటారు. ఆ కేకు తిన్నాక ఎలా మానేది? ఇన్నాళ్లకు శుభ్రమైన అవమానం ఒకటి దొరికింది. దాన్ని చెడగొట్టావో, రేపటి నుంచి మళ్లీ నేనే నిలబడాలి. నువ్వు ఇంటికి పోవాలి. ఇందులో ఎవరికైనా సుఖముందా?"

"మరి మీ చెల్లెలు..."

"బెరిల్ సోమవారానికి వచ్చేస్తుంది. ఇంట్లో దానికి తోచదు. డెస్మండ్‌కైతే బెరిల్ ఇంట్లో ఉంటే తోచదు. ఆ ముళ్లకాయ ఇటు పారేసి, లోపలికి వెళ్లమ్మాయ్. ఇప్పుడు ఆ హాలు నీది."

మరుసటి వారం పొడవాటి హాల్లోనే వీడ్కోలు సభ పెట్టారు. అధ్యక్షురాలు గద్గద స్వరంతో చాలాసేపు మాట్లాడింది. గాదర్‌కోల్ గారు చేతిరుమాలు కళ్లకద్దుకుని, బాగా బతిమాలించుకున్నాక, అందరినీ మన్నించింది. తాము చేయని తప్పుకు కమిటీ వారు నిండు సభలో క్షమాపణ చెప్పుకున్నారు; చేసినవాళ్లు ముందు వరసలో నిలబడి చప్పట్లు కొట్టారు.