కుడికి మూడుంపావు చుట్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెబితే పక్కగదిలో మా అబ్బాయికి వినపడుతుంది. వినపడితే వచ్చి, మీరు కూర్చున్న కుర్చీ నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్నాయో లేదో చూస్తానంటాడు.

నేను చెప్పేది ఒక్కటే. ప్రతి ఇంట్లోనూ ఒక ఎయిర్ రైఫిల్ ఉండి తీరాలి. కాల్చడానికి కాదు, ట్యూనింగు చేయడానికి. కాల్చడానికేముంది, చెయ్యీ కన్నూ ఉన్నవాళ్ళెవరైనా కాలుస్తారు. బాగున్నదాన్ని పదకొండు వారాలపాటు బాగుచేయాలంటే పెట్టి పుట్టాలి. ఆ భాగ్యం మా ఇంటికి దక్కింది.

మావాడు లిఫ్టుల మెకానిక్. చెడిపోయినవాటిని బాగుచేయడం వాడి వృత్తి. చెడనివాటిని బాగుచేయడం వాడి సరదా. తుపాకీ వాడిది కాదు, నా మనవరాలిది. పదహారేళ్ళది. మాట తక్కువ, చూపు ఎక్కువ. క్లబ్బులో దాన్ని అందరూ గురిపిల్ల అంటారు. పంపుతో ఆ తుపాకీలో గాలి బిగిస్తే, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా లోపలి స్ప్రింగు ఒక చిన్న సుత్తిని తోస్తుంది, కాస్త గాలి బయటికొస్తుంది, సీసపు గుండు ఎగిరిపోతుంది. అంతే సంగతి. దానితో ఆ పిల్ల దూరంగా నిలబెట్టిన రేకుబిళ్ళల్ని పదికి తొమ్మిది పడగొట్టేది. క్లబ్బు జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. రెండేళ్ళనుంచి ఆ చోటు కోసమే ఎదురుచూస్తోంది. ఎంపికకు పన్నెండు వారాలు గడువుందనగా మావాడి కన్ను తుపాకీ మీద పడింది.

"నాన్నా, అది బాగానే ఉంది," అంది పిల్ల.

"బాగుంటే చాలదు తల్లీ. ప్రతి దెబ్బా ఒకేలా రావాలి," అన్నాడు వాడు.

వేగం కొలిచే డబ్బా ఒకటి తెచ్చాడు. దానికి రెండు కళ్ళు. గుండు ఒక కన్ను దాటి రెండో కన్ను దాటేలోగా, సెకనుకు ఎన్ని అడుగులు పోతోందో లెక్కగట్టి అంకె చెబుతుంది. మొదటిరోజు దాన్ని కిటికీ పక్కన పెట్టి కాల్చాడు. ఏడువందల డెబ్భై ఎనిమిది, ఎనభై ఒకటి, డెబ్భై ఆరు. మీరైతే ఏం చేస్తారు? తుపాకీ తుడిచి పిల్ల చేతికిస్తారు. అందుకే మీ ఇల్లు అలా ఉంది. మావాడు "అయిదు తేడానా" అని నుదురు పట్టుకున్నాడు. ఎండ ఒకలా ఉండట్లేదని కర్టెన్లు వేసేసి, ట్యూబ్‌లైటు వేసి మళ్ళీ కాల్చాడు. ఏడువందల నలభై. ఎనిమిదివందల పన్నెండు. ఏడువందల అరవై.

"చూశావా అమ్మా, లోపల ఎంత రోగం ఉందో," అన్నాడు. మొహంలో ఆ వెలుగు వాడి పెళ్ళిలో కూడా చూడలేదు నేను.

ఇక మా ఇంటికి పట్టిన అదృష్టం వినండి.

ముందు ఆరోగ్యం. తుపాకీకున్న గాలి సిలిండరు నిండాలంటే చేతిపంపు నూరుసార్లు కొట్టాలి. వాడు కొట్టి, పిల్ల కొట్టి, ఆసుపత్రిలో నర్సుగా పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మా కోడలు చెప్పులు విప్పకుండానే కొట్టి, ముగ్గురూ సన్నబడ్డారు. జిమ్ములో ఇంత శ్రద్ధగా చూస్తారా?

తర్వాత క్రమశిక్షణ. గుండ్లన్నీ ఒకే బరువుండాలని ఒక్కొక్కటే తూచి, నా మందుల డబ్బాలో వారం పేరున్న అరల్లో పోశాడు. ఒక మంగళవారం బీపీ మాత్రకు బదులు సీసపు గుండు నాలుక దాకా వెళ్ళింది. అప్పటినుంచీ ఏ మాత్రనైనా కొరికి చూసి మింగుతున్నాను. ఈ వయసులో ఇంత అప్రమత్తత ఇంకెవరికుంది?

ఒకవారం బలం చాల్లేదని స్ప్రింగు మార్చాడు. గుండ్లు ఆపడానికి నా బొంత కుక్కి పెట్టిన పెట్టెను గుండు చీల్చుకుని బీరువా తలుపుకు చొట్ట పెట్టింది. మా అత్తగారి బీరువా అది. ఆవిడ బతికుండగా నేను చేయలేని పని తుపాకీ చేసింది. మరుసటివారం బలం ఎక్కువైందని స్ప్రింగు బిగించే స్క్రూ అటు తిప్పాడు. ఆ పైవారం తక్కువైందని ఇటు తిప్పాడు. నాకా కళ్ళు ఆనవు, టీవీ చూడలేను. ఒకప్పుడు స్వెట్టర్లల్లేదాన్ని, కుట్లు లెక్కపెట్టే అలవాటు పోలేదు. వాడు పైకి అనుకుంటూ తిప్పేవాడు కదా, కుడికి అర, ఎడమకు పావు, అని నేనూ లోపల లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

కోడలు ఒక్కసారే నోరు విప్పింది. "అత్తయ్యా, ఆ వేగం డబ్బా ఒకరోజు వీధి గుమ్మంలో పెట్టండి. మీ అబ్బాయి భోజనానికి వచ్చే టైములో తేడా ఎంతో కూడా చూద్దాం."

పిల్ల మాత్రం ఆ పదకొండు వారాలూ తుపాకీ లేకుండా నేలమీద పడుకుని, చీపురుకట్టను భుజానికి ఆనించుకుని ఊపిరి బిగబట్టడం సాధన చేసింది.

ఎంపికకు ముందురోజు, శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మావాడు విసుగ్గా కర్టెను పక్కకు లాగి, ఆ పగటి వెలుగులోనే కాల్చాడు. ఎనిమిదివందల రెండు. ఎనిమిదివందల మూడు. ఎనిమిదివందల రెండు. "వచ్చేసింది అమ్మా, సెట్టయిపోయింది," అన్నాడు. అంతలో కరెంటు వచ్చింది. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. ఏడువందల అరవై. ఎనిమిదివందల నలభై. వాడి చెయ్యి స్క్రూ మీదికి పోయింది.

నేను కర్ర పట్టుకుని లేచి, లైటు ఆర్పేశాను. "ఇప్పుడు కాల్చు."

ఎనిమిదివందల రెండు.

లైటు వేశాను. "కాల్చు." ఏడువందల డెబ్భై. ఆర్పాను. ఎనిమిదివందల మూడు.

అద్దం వంకరైతే మొహానికి మందు రాసినట్టయింది, నాన్నా, అని నేను అనలేదు. అవసరం లేదు. ఆ ట్యూబ్‌లైటు మన కంటికి తెలియకుండా కొట్టుకుంటుందట, దానికి డబ్బా కళ్ళు చెదిరాయి. తుపాకీకి ఏ రోగమూ లేదు. వాడు గోడకు చేరగిలబడిపోయాడు.

"నాన్నా," అంది పిల్ల. "తుపాకీ మీది దుర్భిణి పాత వేగానికి సరిచేసి పెట్టుకున్నాను. ఇప్పుడు వేగం మారింది. రేపు బిళ్ళల మీదనుంచి పోతుంది. పాతచోటికి తెచ్చెయ్యి."

పాతచోటు ఎక్కడో వాడికి తెలిస్తే కదా. ఎక్కడా రాసుకోలేదు. లిఫ్టు ఏ అంతస్తునుంచి బయల్దేరిందో తెలియని మెకానిక్కు.

"మొదటి స్ప్రింగు నా మందుల డబ్బాలో, ఆదివారం అరలో ఉంది," అన్నాను. "అది వేసి, స్క్రూ ఎడమకు మూడుంపావు చుట్లు తిప్పు. నువ్వు అటూ ఇటూ తిప్పినవన్నీ పోను, కుడికి మిగిలింది అంతే."

"నీకెలా తెలుసమ్మా?"

"నువ్వు చెబుతూనే ఉన్నావుగా. వినేవాళ్ళం మేం."

తిప్పాడు. కిటికీ పక్కన కాల్చాడు. ఏడువందల డెబ్భై ఎనిమిది. డెబ్భై తొమ్మిది. డెబ్భై ఏడు. పిల్ల తుపాకీ లాక్కుని తన గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. ఆ రోజంతా వాణ్ణి దాని ఛాయలకు రానివ్వలేదు.

ఆదివారం క్లబ్బులో నేనూ ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పదికి తొమ్మిది బిళ్ళలు పడ్డాయి. పదకొండు వారాల కిందట ఎన్ని పడేవో అన్నే. చోటు దానికి దక్కింది.

కోచ్ వచ్చి, "తుపాకీ ఎవరు చూశారండీ?" అని అడిగాడు.

మావాడు గొంతు సవరించుకున్నాడు. "నేనేనండి. పదకొండు వారాలు ట్యూనింగు చేశాను."

అందరూ వాడి వీపు తట్టారు. ఒకాయన చెయ్యి కూడా కలిపాడు. పిల్ల నావైపు చూసింది. నేను నా మందుల డబ్బా తీసి, ఆదివారం మాత్ర కొరికి చూసి మింగాను.

ఇప్పుడు మా భోజనాల బల్ల మీద క్లబ్బు వాళ్ళ తుపాకులు నాలుగున్నాయి. నాలుగూ నిన్నటిదాకా బాగున్నవే. ఇంకా నాలుగిళ్ళకు అదృష్టం పట్టబోతోంది.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీ వాళ్ళకూ చెప్పండి. వాడేవాళ్ళు బాగుందంటే బాగున్నట్టేనని చెప్పండి. ఎవరూ వినరు, అది నాకూ తెలుసు. కనీసం ఇదొక్కటి చెప్పండి: మీ ఇంట్లో ఎవరైనా స్క్రూ మీద చెయ్యి వేస్తే, పక్కనే కూర్చుని చుట్లు లెక్కపెట్టండి. తిప్పినవాడికి ఎన్నడూ గుర్తుండదు.