దేవరాజులు కొన్న మడతచాకు

పాండూరు రైతు దేవరాజులు ఆ బుధవారం పొద్దున తలపెట్టిన పని చిన్నదే. రైలెక్కి తిరుత్తణి వెళ్ళి, భార్య అన్న కోదండరామకు క్షమాపణ చెప్పుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాలి. రెండేళ్ళ కిందట కోదండరామ తన కూతురికి చెవులు కుట్టించిన విందులో, పాయసం మాడు వాసన వేస్తోందని దేవరాజులు నలుగురి ముందూ అనేశాడు. ఆ ఒక్క మాటతో రాకపోకలు తెగిపోయాయి. ఇప్పుడు అత్త తులసమ్మ ఆ కొడుకు ఇంట్లోనే జ్వరంతో మంచాన పడింది. తల్లిని చూడలేక భార్య కృష్ణమ్మ వారం రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు.

"తప్పెవురిదైనా నువ్వే ఒప్పుకో. ఒట్టి చేతుల్తో మాత్రం పోవద్దు" అని చెప్పి పంపింది కృష్ణమ్మ.

తిరువళ్ళూరు బజారులో ఇనుప సామాన్ల అంగడి వరదన్ కొత్తగా వచ్చిన మడతచాకు ఒకటి తీసి చూపించాడు. నల్లటి కొమ్ము పిడి, ఇత్తడి చీలలు. గోరు ఆనించి లాగితే అలుగు టక్కుమని నిలబడింది. దేవరాజులు దాన్ని చెయ్యి చాచి ఒకసారి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి చూశాడు. ఇంత అందమైన పనిముట్టు పాండూరు మొత్తంలో లేదనిపించింది. నిమ్మచెట్లకు అంట్లు కట్టే బావకు ఇంతకన్నా తగిన కానుక ఏముంటుంది? వరదన్ దాన్ని మడిచి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎలా మడిచాడో దేవరాజులు చూడలేదు.

అరక్కోణంలో రైలు మారాక, ఇంకొక్కసారి చూసుకుందామని చాకు తెరిచాడు. అది తెరుచుకుంది గాని మూసుకోలేదు. నొక్కాడు, తట్టాడు, మోకాలికి ఆనించి వంచబోయాడు. అలుగు కదలలేదు గాని బొటనవేలు తెగి, తెల్లటి పంచె మీద నెత్తురు కారింది. పక్కనున్న ఆడమనిషి పిల్లల్ని తీసుకుని అవతలి చివరకు పోయింది. కాసేపటికి ఆ బల్ల మీద దేవరాజులు ఒక్కడే మిగిలాడు. ఎదురుగా మాత్రం కోదండరామ వీధిలోనే తమలపాకులు అమ్మే దండపాణి ఉన్నాడు.

"యాడికి పోతావుండావన్నా?" అని మెల్లగా అడిగాడు దండపాణి.

"మా బావ కోదండరామ దగ్గరికి. ఇది ఆయన కోసమే."

"ఆయనకు తెలుసునా?"

"తెలీదు. చెప్పకుండా పోతేనే బాగుంటాదని."

దండపాణి బల్ల అంచుకు జరిగి కూర్చున్నాడు. తిరుత్తణిలో రైలు పూర్తిగా ఆగకముందే దిగి, ఒక జట్కా ఎక్కి వెళ్ళిపోయాడు. మిగిలిన జట్కావాడు చాకు చూసి, తన గుర్రానికి కాలు బాగాలేదని చెప్పి, ఆ గుర్రాన్నే పరుగు తీయించాడు.

దేవరాజులు చాకును తువ్వాలు కింద పెట్టుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో నడిచాడు. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. కోదండరామ ఇంటికి లోపల గడియ పడి ఉంది. బావ కోపం ఇంకా తగ్గలేదనుకుని ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దారి పొడవునా కూడదీసుకున్న మాటలు గట్టిగా చెప్పాడు.

"బావా, రెండేండ్లుగా కడుపులో పెట్టుకోనుండాను. ఈ పొద్దు తీర్చేసుకోనే పోతాను. తలుపు తియ్యి."

లోపల ఏదో పడింది. కోదండరామ పెరటిగోడ దూకి, కాలు మడతపడి, అవతల గడ్డివాములో దాక్కున్నాడు.

దండపాణి కబురు అందుకుని మునసబు అరుణాచలం తలారిని వెంటబెట్టుకుని వచ్చాడు. దేవరాజులు ఉన్నదంతా చెప్పుకున్నాడు.

"కానుక ఇచ్చేవాడు మూసి గదా ఇస్తాడు" అన్నాడు మునసబు.

"మూసుకోలేదయ్యా."

మునసబు నమ్మలేదు. తనే ప్రయత్నించి వేలు కోసుకున్నాడు. తరువాత తలారి కోసుకున్నాడు. ముద్దాయి చేతిలో ఇద్దరు సర్కారు ఉద్యోగులు గాయపడ్డారని మునసబు కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. దేవరాజులు అరుగు మీద కూలబడ్డాడు. తాను జైలుకు పోతాడు, అత్త పోతుంది, కృష్ణమ్మకు తల్లీ దక్కదు, మొగుడూ దక్కడు. మోకాళ్ళలో తల పెట్టుకుని పైకే ఏడ్చాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. అరిచి అరిచి మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేక, తులసమ్మ గోడ పట్టుకుని తానే లేచి వచ్చింది. మునసబు చేతిలోంచి చాకు తీసుకుని, పిడి వెనక ఉన్న చిన్న ఉంగరాన్ని గోటితో ఎత్తి, టక్కున మడిచి ఆయనకే ఇచ్చింది.

"మా నాయన దగ్గర ఇట్లాంటిదే ఉండె. కొంచెం నీళ్ళియ్యండి" అంది.

ఇంతలో కోదండరామను ఇద్దరు మోసుకొచ్చారు. దేవరాజులు నోరు తెరిచేలోగా ఆయన చేతులు జోడించి, పాయసం మాడింది నిజమేనని, తప్పంతా తనదేనని, చెల్లెల్ని రేపే తీసుకురమ్మని చెప్పాడు. "లేదు బావా" అని దేవరాజులు అనగానే వణికిపోయి మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. ఇలా మూడుసార్లు జరిగాక దేవరాజులు ఊరుకున్నాడు, మునసబు తాను రాస్తున్న కాగితం చించేశాడు.

మరునాడే కృష్ణమ్మ పుట్టింటికి వచ్చింది. ఆ తరువాత ఆ వీధిలో దేవరాజులు మాటకు ఎదురు చెప్పినవాడు లేడు. ఆయన క్షమాపణ చెప్పబోతే మాత్రం అందరూ లేచి దూరంగా వెళ్ళిపోయేవారు.