ముక్కు మీద దశాంశం

పట్టణ కార్యాలయ సిబ్బంది యావన్మందీ తమ తమ ఫోన్లలోని కాలిక్యులేటర్లలో దశాంశ బిందువును తక్షణం దాచివేయవలసిందని ఉత్తర్వు వెలువడింది. సాయంత్రానికల్లా ఆ కార్యాలయంలో పావు, అర, ముప్పావు అన్నవి లేకుండా పోయాయి. ఇంత పెద్ద సంస్కరణ ఇంత ప్రశాంతంగా అమలు కావడం అక్కడ అదే మొదలు. దీని వెనుక చిన్న ఇంజినీరు కృషి ఎంతో ఉంది. అతని గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే అన్యాయమవుతుంది.

ముందుగా పాఠకులు ఒక విషయం గ్రహించాలి. ఆ కార్యాలయంలో కాలిక్యులేటర్‌తో లెక్కలు చేయడం కింది స్థాయి పని. కాలిక్యులేటర్‌ను తీర్చిదిద్దుకోవడం పై స్థాయి పని. సెట్టింగులు తెరిచి, రంగు మార్చి, అంకెల ఆకారం మార్చి, చప్పుడు మార్చి, పక్క బల్ల ఆయనకు చూపించి, ఆయన కుళ్లుకుంటుంటే తృప్తిగా టీ తాగడాన్ని అక్కడ విధి నిర్వహణ అంటారు.

పెద్ద గుమాస్తా కళ్లజోడు మరిచిపోయిన రోజున ఇబ్బంది పడకూడదని అంకెలను పెద్దవి చేసుకున్నాడు. ఎంత పెద్దవి చేశాడంటే, తెర మీద అయిదు దాకానే పట్టాయి. ఆరు, ఆ పై అంకెలు ఉన్న ఫైళ్లన్నీ పక్క సెక్షనుకు పోయేవి. పని పేరుకుపోనివ్వని మనిషని ఆయనకు మంచి పేరు. కుళాయిల గుమాస్తా జవాబు వచ్చినప్పుడల్లా చప్పట్లు మోగేలా పెట్టుకున్నాడు. తప్పు జవాబుకు కూడా చప్పట్లు మోగేవి కనుక ఆ సెక్షనులో తప్పులు ఎవరికీ దొరికేవి కావు. జనన మరణాల సెక్షనులో ఉన్నావిడది మెత్తని మనసు. తీసివేతను చూస్తే ఆవిడకు గుండె తరుక్కుపోయేది. ఆ బొత్తాన్నే తెర మీద నుంచి తొలగించేసింది. అప్పటినుంచి పట్టణంలో జనం పెరగడమే తప్ప తగ్గలేదు. ఆవిడకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

వీళ్లందరికీ గురువు చిన్న ఇంజినీరు. వెనకాల అందరూ అతన్ని 'సెట్టింగుల సారు' అనేవాళ్లు. అతని కాలిక్యులేటర్‌లో బొత్తాలు గుండ్రంగా ఉండేవి, నొక్కితే నీటిచుక్క రాలినట్టు చప్పుడయ్యేది, జవాబు వచ్చేటప్పుడు ఫోను సుతారంగా వణికేది. గోడ పగిలిందని పరుగెత్తుకొచ్చిన వాళ్లు కూడా అతను బొత్తాలకు లేత నీలం బాగుంటుందా, ముదురు నీలమా అని తేల్చుకునేదాకా ఓపిగ్గా నిలబడేవాళ్లు. కొందరు తమ అభిప్రాయం కూడా చెప్పేవాళ్లు.

పెద్ద ఇంజినీరు పదవి ఖాళీ అయింది. ఆ రోజుల్లోనే చిన్న ఇంజినీరుకు ఒక అద్భుతమైన ఆలోచన తట్టింది. కాలిక్యులేటర్ వెనుక పూలు, కొండలు పెట్టుకోవడం సామాన్యుల పని. అతను ఏకంగా ఆ కార్యాలయానికి పెద్ద అయిన అధికారిగారి ఫోటో పెట్టాడు. కూడినా, హెచ్చించినా, భాగించినా అంకెల వెనుక నుంచి అధికారిగారు చిరునవ్వు నవ్వుతూనే ఉంటారు. ఈ ఏర్పాటును స్వయంగా తీసుకెళ్లి చూపించాడు. అధికారిగారు ఎంతో మురిసిపోయి, ఏదో ఒక లెక్క చేసి చూపించమన్నారు. జవాబు వచ్చింది. దశాంశ బిందువు సరిగ్గా వెళ్లి ఆయన ముక్కు కొస మీద వాలింది.

"ఏంటయ్యా, నా ముక్కు మీద ఈగ?"

"ఈగ కాదండి, దశాంశ బిందువండి."

"దేనికి పనికొస్తుంది అది?"

చిన్న ఇంజినీరు ఈ ప్రశ్నకు కాలేజీలో రెండు పేజీల జవాబు రాసినవాడే. ఇప్పుడు మాత్రం గొంతు సవరించుకున్నాడు. "పెద్దగా ఏమీ లేదండి. మిగిలిన చిల్లర చూపిస్తుందంతే."

"చిల్లర మనకెందుకు? తీసెయ్."

తీసేశాడు. ముక్కు శుభ్రమైంది. మర్నాడు సమావేశం పెట్టి అధికారిగారు గంభీరంగా ఉపన్యసించారు. "మిత్రులారా! ప్రజలు మన దగ్గరికి వచ్చేది తేల్చి చెప్పే జవాబు కోసం. పావులూ అరలూ పిరికివాళ్ల లెక్కలు. నేటినుంచి మనది సంపూర్ణ సంఖ్యల కార్యాలయం!" కుళాయిల గుమాస్తా ఫోను చప్పట్లు కొట్టింది, తర్వాత మనుషులు కూడా కొట్టారు. ఆ థీము అందరి ఫోన్లలోకీ ఎక్కింది.

అదే సమయంలో కార్యాలయానికి పైఅంతస్తు వేశారు. అధికారిగారి గది పైకి మారుతుంది. కింది నుంచి సూటిగా ఆ గది గుమ్మం దాకా మెట్లు కట్టే బాధ్యత చిన్న ఇంజినీరు మీద పడింది. ఈ పని మీద అతనికి నిజమైన ప్రేమ ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఎందుకంటే పింఛను కోసం ఏటా ఒకసారి అతని తల్లి ఆ కార్యాలయానికి రావాలి. తాను బతికే ఉన్నానని అధికారిగారి ఎదుట స్వయంగా నిలబడి నిరూపించుకోవాలి. కొడుకు రోజూ ఆమె చేతి అన్నం తిని వస్తున్నా, ఆ సాక్ష్యం చెల్లదు.

"గది పైకి మార్చారటగా. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా నాన్నా. ఎక్కగలనంటావా?" అని అడిగింది తల్లి.

"నీ కోసమే కడుతున్నా అనుకో అమ్మా. కాలు ఎత్తినట్టే తెలియదు నీకు."

అన్న మాట ప్రకారం మెట్ల ఎత్తు తగ్గించి, ఇరవై మెట్లు చేశాడు. మొత్తం ఎత్తును ఇరవైతో భాగించాడు. నీటిచుక్క రాలింది, ఫోను సుతారంగా వణికింది, అధికారిగారు నవ్వారు. పదిహేడు సెంటీమీటర్లు. నిజానికది పదిహేడుం పావు. ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కో పావు మిగిలిపోయింది. ఆ పావులన్నీ కూడబలుక్కున్నట్టు పైకెక్కి చివరి మెట్టు దగ్గర కలుసుకున్నాయి. చివరి మెట్టు మిగతా వాటికన్నా మూడు వేళ్లు ఎత్తుగా లేచింది. చూస్తే కంటికి ఆనదు, ఎక్కితే కాలికి తెలుస్తుంది. మేస్త్రీకి అనుమానం రాలేదా అంటే, ఆయన ఫోనులోనూ అధికారిగారే నవ్వుతున్నారు. పని ఇప్పించారన్న కృతజ్ఞత కొద్దీ అడిగి మరీ పెట్టించుకున్నాడు.

మెట్లు వాడుకలోకి వచ్చాక విచిత్రం ఒకటి జరిగింది. పైకి వచ్చే ప్రతి మనిషీ చివరి మెట్టుకు బొటనవేలు తగిలి ముందుకు తూలేవాడు. తల వంగేది, రెండు చేతులూ ముందుకు సాగేవి. తెరిచిన తలుపులోంచి అధికారిగారికి కనిపించేది ఆ దృశ్యమే. ఇదివరకు జనం తిన్నగా వచ్చి "నా పని ఏమైంది?" అని నిలదీసేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. ఒకసారి తూలిన మనిషి గొంతు పెంచలేడు. చొక్కా సర్దుకుంటూ, తప్పు చేసినవాడిలా నవ్వుతూ, "మీకు వీలున్నప్పుడే చూడండి సార్" అంటాడు.

అధికారిగారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఈ ఊరి ప్రజల గుండెల్లో ఇంత వినయం దాగి ఉందని నాకింతకాలం తెలియదు. దాన్ని వెలికి తీసిన ఘనత ఈ మెట్లది!" అని సభలో ప్రకటించారు. పెద్ద ఇంజినీరు పదవికి చిన్న ఇంజినీరు పేరు సిఫారసు చేస్తూ, 'ప్రజలలో వినయమును పెంపొందించు మెట్ల రూపకల్పన' అని కారణం కూడా రాయించారు.

కొందరు మాత్రం ఒకసారి తగిలిన దెబ్బను గుర్తుంచుకుని, మర్నాడు ఆ మెట్టు దగ్గర కాలు కాస్త ఎత్తి వేసి దర్జాగా లోపలికి వచ్చేవాళ్లు. గుమ్మం దగ్గరి అటెండరు వాళ్ల పేర్ల పక్కన 'తలబిరుసు' అని రాసుకునేవాడు. వాళ్ల ఫైళ్లు అడుక్కి పోయేవి. ఒక బడిపంతులు తన ఇంటి గోడ అనుమతి కోసం తల ఎత్తుకుని ఎన్నోసార్లు వచ్చి, చివరికి తల దించుకుని వచ్చిన రోజున పని జరిపించుకున్నాడు. అప్పటినుంచి ఊళ్లో జనం ఒకరికొకరు మెళకువ చెప్పుకోసాగారు. కాలు తగిలితే సరే, తగలకపోయినా తూలండి, పని త్వరగా అవుతుంది అని.

ఒక మధ్యాహ్నం చిన్న ఇంజినీరు ఫోనులో కాలిక్యులేటర్ దానంతట అదే అప్‌డేట్ అయింది. అతను చెమటోడ్చి పెట్టుకున్న సెట్టింగులన్నీ ఊడ్చుకుపోయాయి. బొత్తాలు నలుచదరమయ్యాయి, నీటిచుక్క పోయింది, అధికారిగారు పోయారు. పాత లెక్కల జాబితాలో మెట్ల లెక్క బయటపడింది. పదిహేడు, బిందువు, ఇరవై అయిదు. మెట్ల దగ్గరికి వెళ్లి చివరి మెట్టును టేపుతో కొలిచాడు. జనం తూలుతున్నది వినయం వల్ల కాదని, తన వల్లనని తెలిసింది. ఎవరికి చెప్పాలి? చెబితే సిఫారసు ఏమవుతుంది? కాసేపు ఆలోచించి, దశాంశాన్ని మళ్లీ దాచేసి, అధికారిగారి ఫోటోను యథాస్థానంలో ప్రతిష్ఠించాడు. బొత్తాలకు ఈసారి లేత నీలం ఎంచుకున్నాడు.

తల్లి తాను బతికే ఉన్నానని చెప్పుకోవలసిన రోజు రానే వచ్చింది. చెప్పులు తొడుక్కుంటున్న ఆమెను చూసి, "చివరి మెట్టు దగ్గర కాలు కాస్త ఎత్తమ్మా" అనబోయి ఆగిపోయాడు. ఎత్తి తిన్నగా నడిస్తే అటెండరు రాసుకుంటాడు. తలబిరుసు మనిషి బతికి ఉందని అధికారిగారు అంత సులువుగా ఒప్పుకుంటారా? పైగా సిఫారసు పొందిన ఇంజినీరు తల్లే వంగకపోతే ఎలా? కొంచెం తూలితే ఏం పోతుంది, వెనకాలే ఉండి పట్టుకుంటాను కదా అని సర్దిచెప్పుకున్నాడు.

వెనకాలే ఉండేవాడే. మెట్ల మొదట్లో కుళాయిల గుమాస్తా అడ్డం పడ్డాడు. "సారూ, అప్‌డేట్ తర్వాత చప్పట్లు రావడం లేదు, కాస్త చూసిపెట్టరూ." చిన్న ఇంజినీరు ఫోను అందుకున్నాడు. సెట్టింగులు తెరిస్తే అతనికి లోకం తెలియదు. చప్పట్లు దొరికాయి, మోగాయి. ఆ చప్పట్ల మధ్యే పైనుంచి తల్లి కేక వినిపించింది.

ఆమె తూలలేదు. మోకాళ్లు ఆపలేక గుమ్మంలో బోర్లా పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. అధికారిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అయ్యో అమ్మగారూ, మరీ అంత అక్కర్లేదండీ. కాస్త వంగితే చాలు" అన్నారు. ఇంత గట్టిగా కేక వేశారంటే బతికి ఉన్నట్టే కనుక కాగితం మీద అక్కడికక్కడే సంతకం కూడా చేసేశారు. కార్యాలయంలో ఇంత వేగంగా పని జరగడం చూసి జనం ఆశ్చర్యపోయారు.

ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకుంటూ తల్లి అతన్ని ఓదార్చింది. "నాదే తప్పురా. కాలు సరిగ్గా ఎత్తలేదు. నీ మెట్లకేం, బంగారంలా ఉన్నాయి." ఆ మాటతో చిన్న ఇంజినీరు కుప్పకూలిపోయాడు. ఆమె మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఎందుకంత ఏడుస్తున్నాడో ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం చాలలేదు.

ఆ ఏడుపులోంచి అతనికి కాస్త సిగ్గు పుట్టింది. కాలిక్యులేటర్‌లోంచి అధికారిగారి ఫోటో తీసేశాడు. బిందువును పిలిచి కూర్చోబెట్టాడు. వరుసగా సెలవులు వచ్చినప్పుడు కొత్త రాళ్లు పరిపించే నెపంతో మేస్త్రీని పిలిపించి, పక్కనే నిలబడి ప్రతి మెట్టునూ పావు లెక్కన పైకి లేపించాడు. ఈసారి ఇరవై మెట్లూ సమానంగా వచ్చాయి. కళ్లు మూసుకుని ఎక్కినా కాలు తగలదు. చిన్న ఇంజినీరు జీవితంలో మొదటిసారి ఒక లెక్క పూర్తిగా చేశాడు.

సెలవుల తర్వాత పొద్దున్నే వచ్చి మెట్ల పక్కన నిలబడ్డాడు. జనం ఎక్కసాగారు. చివరి మెట్టు దగ్గర మొదటి మనిషి వంగాడు. రెండో మనిషీ వంగాడు. కాలు తగిలిన జాడ లేదు. బడిపంతులు అందరికన్నా లోతుగా వంగాడు, చేతులు కూడా చాచాడు. ఇంతలో తల్లి వచ్చింది. ఆ రోజు కాగితం మీద ఆమె ఎడమ చేత్తో పెట్టిన సంతకం పాత సంతకంతో సరిపోలడం లేదని మళ్లీ రమ్మన్నారు. పిండికట్టు చేతిని గుండెకు ఆనించుకుని, ఒక్కో మెట్టే ఎక్కి, చివరి మెట్టు మీద ఆమె కూడా శ్రద్ధగా వంగింది.

"అమ్మా! మెట్టు సరిచేయించాను. వంగక్కర్లేదు" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలిసిందిరా, కాలికి తెలియదా? కానీ వంగకపోతే ఆ అటెండరు రాసుకుంటాడటగా. నీ ప్రమోషన్ కూడా ఉందాయె."

ఇక అతను ఆగలేకపోయాడు. తిన్నగా అధికారిగారి గదిలోకి వెళ్లి, బిందువు దగ్గర మొదలుపెట్టి కొత్త రాళ్ల దాకా అంతా చెప్పేశాడు. శిక్షకు సిద్ధపడి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అధికారిగారు కోప్పడలేదు. హాయిగా నవ్వారు.

"నాకు మొదటి రోజే తెలుసయ్యా. అందరికంటే ముందు తూలింది నేనే. ఇప్పుడు మెట్టు సమంగా ఉందంటావు, అయినా వంగుతున్నారంటావు. ఇంకేం కావాలి? మంచి పని చేశావు. ఎవరికీ దెబ్బలు తగలవు, మనకు మాటా రాదు. పక్క ఊళ్లో కట్టబోయే కార్యాలయానికి మొదటినుంచే సమంగా కట్టించు పెద్ద ఇంజినీరుగారూ."

కొత్త పిలుపు చెవిన పడగానే అతని నోటి వెంట "చిత్తం" అన్న మాట దానంతట అదే వచ్చింది. వెనక్కి తిరిగి తలుపు దాకా నడిచాడు. అక్కడ మెట్టు లేదు, గడప కూడా లేదు. అయినా వంగే బయటికి వచ్చాడు. ఇది చదివి నవ్వుకుంటున్న పాఠకులు నిటారుగా కూర్చునే నవ్వుకోవాలని మనవి.