జతలో ఒకటి

ఆదివారం పొద్దున్నే వంట ముగించి, మధ్యాహ్నంలోగా సర్వర్ పని పూర్తిచేయాలని అరుణశ్రీ అనుకుంది. ములకలపల్లి దగ్గర ఒక బడిలో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది. సోమవారం తనిఖీకి వచ్చే అధికారి ముందు, బడిలోని ముప్పై కంప్యూటర్లకూ ఆధారమైన ఆ సర్వర్ నడిస్తే పొడిగిస్తారు, నడవకపోతే లేదు. బడిలో కరెంటును నమ్మలేక, సర్వర్ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని పాల్వంచ కాలనీలోని ఇంటికి తెచ్చుకుంది.

అందులో రెండు డిస్కులు. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడే రెండింటినీ రెయిడ్‌గా జత చేయాలి. అప్పుడు రాసిన ప్రతిదీ రెండింటిలోనూ పడుతుంది. మొదటిసారి, మిషన్‌ను లేపే భాగాన్ని మొదటి డిస్కులో మాత్రమే పెట్టి, తప్పు తెలుసుకుని మళ్లీ మొదటి నుంచి చేసింది. పన్నెండింటికి రెండూ సమానమయ్యాయని తెర మీద చూసుకుని ఆపేసింది. మరలు బిగించడం ఒక్కటే మిగిలింది.

పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు అనంతమ్మ అడిగింది. "గీ రెండింట్ల ఏముంటదే?"

"రెండింట్ల ఒక్కటే ఉంటదత్తమ్మా."

"ఒకటి లేకపోతే?"

"ఇంకోదాంతోని నడుస్తది."

"అవ్, మంచిదే," అంది అనంతమ్మ. అరుణశ్రీ స్నానానికి వెళ్లింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏడేళ్ల కింద రెండు స్టీలు బిందెలూ పెద్దకోడలు అరుణశ్రీ దగ్గరే ఉండిపోయాయని అన్నదమ్ములు ఆరు నెలలు మాట్లాడుకోలేదు. ఆ ఆరు నెలలూ అనంతమ్మ ఒక ఇంట్లో తిని, ఇంకో ఇంట్లో తినలేదని చెప్పి మళ్లీ తింటూ గడిపింది. అప్పటి నుంచి ఇంటికి ఏది జతగా వచ్చినా కోడళ్లకు చెరొకటి. ఆ వచ్చింది ఎవరిదని ఆమె అడగదు.

అరుణశ్రీ తల తుడుచుకుంటూ వచ్చేసరికి పెట్టెలో ఒకటే డిస్కు ఉంది. రెండు వైర్లు ఊరికే వేలాడుతున్నాయి.

"చిన్నదానికి పంపిన. వీరేందర్ డ్యూటీకి పోతుంటే ఇచ్చిపొమ్మన్న."

"అది బడిదత్తమ్మా."

"ఒకటి లేకున్నా నడుస్తదన్నవ్ గదా."

భర్తకు ఫోన్ చేసింది. "అమ్మ జాకెట్ గుడ్డల చుట్టి ఇచ్చింది. ఆడోళ్ల మూట నేనెందుకు ఇప్పి చూస్త?" అన్నాడు వీరేందర్.

రెండు వీధుల అవతల తోటికోడలు రాజ్యశ్రీ గుమ్మంలోనే ఎదురొచ్చింది. డిస్కును మరిది అప్పటికే ఇంటి కెమెరా పెట్టెలో బిగించేశాడు. ఉన్నదంతా చెరిపితే గాని అది పనిచేయలేదట. టీవీలో వాళ్ల పెరట్లో కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి.

"ముందు రెండు రోజుల రికార్డే ఉంటుండె అక్కా. ఇప్పుడు నెల దాంక ఉంటదంట. అత్తమ్మ పసుపుబొట్టు పెట్టి పంపింది. మా అమ్మకు గూడ చెప్పిన."

"ఏమన్నది?"

"ఈసారి నిన్ను మర్వలేదా బిడ్డా అన్నది." రాజ్యశ్రీ నవ్వింది, తర్వాత చీర కొంగు కళ్లకు అద్దుకుంది.

అరుణశ్రీ చాయ్ తాగి, కోళ్లను కాసేపు చూసి, ఇంటికి వచ్చేసింది. మిషన్ లేస్తుందో లేదో చూడలేదు. లేవకపోతే డిస్కు అడగడానికి మళ్లీ వెళ్లాలి. ఆ జాకెట్ గుడ్డలో ఏడేళ్ల నుంచి బాకీ పడ్డ మాట ఒకటి వెళ్లిందని ఆమెకు తెలుసు.

సోమవారం బడిలో అధికారి ముందే మీట నొక్కింది. ఇంట్లో మిగిలింది రెండో డిస్కు, అదొక్కటే ఉన్నా మిషన్ లేవాలనే నిన్న మళ్లీ మొదటి నుంచి చేసింది. తెర నల్లగా ఉండిపోయింది. అప్పుడు అక్షరాలు కదిలాయి. వరసగా ముప్పై కంప్యూటర్లూ వెలిగాయి.

అధికారి ముందుకు వంగారు. "ఇక్కడ ఒక డిస్కు లేదని చూపిస్తున్నదేందమ్మా?"

ప్రిన్సిపాల్ భార్గవి అరుణశ్రీ వైపు చూసింది. రిపేరుకు పోయిందని చెప్పొచ్చు. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా.

"నిన్న తీసేసిన్రు సార్. ఒక్కదాని మీద లేస్తదో లేదో ఇప్పటిదాంక నాకు గూడ తెల్వదు."

ఆయన కళ్లద్దాలు తీశారు. "పద్దెనిమిది బళ్లు తిరిగిన. అందరు రెండు డిస్కులు చూపించిన్రు. ఒకటి తీసి చూసినోళ్లు ఒక్కలు లేరు." ప్రిన్సిపాల్ వైపు తిరిగారు. "మేడమ్, ఈమెను పోనియ్యకండి. ఇంకో డిస్కు కొనియ్యండి."

తనిఖీ పత్రంలో ‘డిస్కు తీసి పరీక్షించారా’ అన్నచోట అవునని రాసి, మిగతాది నింపమని ఆమెకిచ్చారు. పరీక్షించినవారి పేరు, అర్హత అన్న గడి దగ్గర అరుణశ్రీ కలం కాసేపు ఆగింది. తర్వాత ఉన్నదున్నట్టే రాసింది: అనంతమ్మ, ఇద్దరు కోడళ్ల అత్తగారు.